మందుకు అలవాటు పడ్డ పురుగు

మా బోధన్ వైపు ఏ రైతును కదిలించినా ఒక మాట వినిపిస్తుంది. "పురుగు మందుకు అలవాటు పడ్డది." ఎరువుల దుకాణం ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు అంటారు, బస్సులో పక్క సీటువాళ్ళు అంటారు, అంగట్లో మరాఠీ మాట్లాడేవాళ్ళు కూడా తమ భాషలో ఇదే అంటారు. మనిషి కల్లుకు అలవాటు పడ్డట్టు పురుగు మందుకు అలవాటు పడుతుందని బుద్ధెరిగినప్పటి నుంచి నేనూ నమ్మాను. డిగ్రీ మూడో ఏడులో ఒక మేడం ఆ ఒక్క మాట పట్టుకుని మా బుర్రలన్నీ తిరగేసింది. ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను. పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా నా నోట ఆమె మాటలే వస్తాయి. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

మాది బోధన్‌కు రోజూ బస్సులో వచ్చిపోయేంత దూరంలో ఉన్న ఊరు. ఒకప్పుడు ఎటు చూసినా చెరుకే, ఇప్పుడు ఎక్కువగా వరి. బోధన్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు మీడియంలో బీఎస్సీ చదివాను. మూడో ఏడు మొదలవుతుండగా మాకు జంతుశాస్త్రం చెప్పే సారుకు సర్కారు కొలువు వచ్చి వెళ్ళిపోయాడు. ఇంకెవరూ దొరక్క, ఉర్దూ మీడియం వాళ్ళకు చెప్పే మేడంనే మాకూ వేశారు. ఆమెది నిజామాబాద్‌లో పాతకాలం నుంచి ఉన్న ముస్లిం కుటుంబం. తండ్రి ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాడు. డిగ్రీ దాకా ఉర్దూలో చదివింది, ఎమ్మెస్సీ ఇంగ్లీషులో చదివింది. తెలుగు మాత్రం బడిలో నేర్చుకున్నది తక్కువ, బజారులో నేర్చుకున్నది ఎక్కువ.

మాకున్న పేపరు ఆవరణ శాస్త్రం, జీవపరిణామం. మొదటి రోజు ఆమె మా పుస్తకం చేతిలోకి తీసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, "ఆభరణ శాస్త్రము" అని చదివింది. వెనక బెంచీ నుంచి ఒకడు, "బంగారందా మేడం, వెండిదా?" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. ఆమె బిత్తరపోయి మళ్ళీ పుస్తకంలోకి చూసింది. తప్పు ఎక్కడ పడిందో తెలిసి, తనూ నవ్వేసింది.

"ఆభరణమే అయితే బాగుండు, ఒక్కరు గూడ క్లాసు ఎగ్గొట్టకపోదురు," అంటూ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. "చూడుండ్రి. పుస్తకం తెలుగు నాకు రాదు. మాట్లాడే తెలుగు వస్తది. మీకు పుస్తకం చదువొస్తది గని, అండ్ల ఏమున్నదో తెల్వదు. మీరు పదం చదువుండ్రి, నేను దాని మతలబ్ చెప్త. కలిసి చదువుకుందాం."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వచ్చిన మొదటి రోజే మాకేమీ తెలియదంటుందా అని ఒళ్ళు మండింది. ఇంటికి పోయి పుస్తకం తీసి, ఆవాసం గురించి, ఆహార శృంఖలం గురించి మా తమ్ముడికి వివరించబోయాను. నిర్వచనాలు గడగడా వచ్చాయి. "అంటే ఏందక్కా?" అని వాడు అడిగితే మాత్రం నోరు పెగల్లేదు. మరునాటి నుంచి ముందు బెంచీలో కూర్చున్నాను. పుస్తకంలో పదం పైకి చదివే పని నాకే అప్పజెప్పింది.

అయితే ఆభరణ శాస్త్రం ముచ్చట మా కంటే ముందే ఊళ్ళకు చేరింది. వారం తిరగకుండానే కొందరు తండ్రులు కలిసి ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. అందరికంటే ముందు నిలబడింది మా బాపే. ఆయన బడికి సరిగా పోయినవాడు కాదు. అందుకే నా చదువంటే ఆయనకు ప్రాణం.

"తెలుగు సదువరాని మేడంను తెలుగు పిల్లలకు ఎట్ల పెట్టిండ్రు సార్? మూడో ఏడు ఆగమైతె మా పిల్లల గతేంది?" అని గట్టిగానే అడిగాడు.

ప్రిన్సిపాల్ మర్యాదస్తుడు. మధ్యేమార్గం చూశాడు. ఇంటర్నల్ పరీక్ష దాకా ఆగమన్నాడు. పేపర్లు వృక్షశాస్త్రం సారుతో దిద్దిస్తాననీ, తర్వాత తండ్రులను మళ్ళీ పిలుస్తాననీ, వాళ్ళు ఏమంటే అదే చేస్తాననీ చెప్పాడు. మేడంకు కూడా అదే చెప్పారు. మా తరగతి చేజారితే ఆమెకు మిగిలేది ఉర్దూ మీడియం ఒక్కటే. అందులో పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. అంటే కొలువు పోయినట్టే. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు, మా మీద చిరాకు పడలేదు. రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చి, ముఖానికి కట్టుకున్న నఖాబు తీసి మడిచి సంచిలో పెట్టుకుని, "ఆజ్ ఏం పదం?" అంటూ తరగతిలోకి వచ్చేది.

ఆమె పాఠం చెప్పే తీరు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఒక జీవి ఉండే చోటు వేరు, ఆ చోట అది చేసే పని వేరు అని చెప్పాలి. పుస్తకంలో దానికి నోరు తిరగని పదాలున్నాయి. ఆమె అడిగింది, "ట్రాక్టరు దున్నుతుంటె ఎనుక ఏమేం పోతయి?" కొంగలు అన్నాం. గోరింకలు అన్నాం. కాకులు అన్నాం. "అన్నీ ఒక్క మడిలనే ఉన్నయి గద, మరి కొట్లాడుకోవా?" నాకు తెలిసినంతలో కొంగలు ట్రాక్టరును అంటిపెట్టుకుని పోయి కొత్తగా లేచిన మట్టిలో ఏరుకుంటాయి, గోరింకలు అక్కడక్కడా పైపైన చూసుకుంటాయి. అదే చెప్పాను. "గంతే. ఇల్లు ఒక్కటే, పని వేరే వేరే. నువ్వే చెప్పినవు, నేను చెప్పలే," అంది. మనకు తెలిసిన దాన్ని మన చేతనే చెప్పించి, ఇదే శాస్త్రం అని మన చేతిలో పెట్టేది. ఎంతో గొప్పగా అనిపించేది నాకు.

పరిణామం దగ్గరికి వచ్చేసరికి "ప్రకృతి వరణం" అనే పదం అడ్డు తగిలింది. నేను చదివాను. వరణం అంటే ఏమిటంది. ఎవరికీ తెలియదు. స్వయంవరంలో వరమే ఇక్కడా ఉంది కదా, పెళ్ళికి సంబంధించింది అయి ఉంటుందని ఒక అమ్మాయి ఊహించింది. మేడం చాలాసేపు నవ్వింది. తర్వాత, పదం పక్కన పెట్టమని, మీ ఊళ్ళల్లో వరికి పట్టే దోమ మందు కొడితే ఎందుకు చావడం లేదో చెప్పమంది. దోమ అంటే రాత్రి కుట్టే దోమ కాదు. వరి దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చే చిన్న పురుగు. అది ఎక్కువైతే మడి సుడులు సుడులుగా ఎండిపోతుంది. మా ఇళ్ళల్లో అందరికీ దానితో లెక్కలు తేలని తగువు ఉంది. కాబట్టి అందరం ఒక్క గొంతుతో చెప్పాం.

"మందుకు అలవాటు పడ్డది మేడం."

"ఏ దోమ అలవాటు పడ్డది? సచ్చిందా, బతికిందా?"

ఆమె బెంచీల మధ్యకు నడిచి వచ్చింది.

"సచ్చింది సచ్చింది. దానికి అలవాటు పడే టైం యాడిది? బతికింది మందు తాగి మారిందా, పుట్టుకతోనె గట్టిదా?"

జవాబు ఆమె చెప్పలేదు. మరునాడు చున్నీ కొంగున ముడి వేసి తెల్ల బబ్బెర్లు, మినుములు తెచ్చింది. కాలేజీ వెనక ఖాళీ జాగాలో నల్లరేగడి మట్టి మీద రెండూ సమానంగా కలిపి చల్లింది. మమ్మల్ని కొంగలు కమ్మంది. ఆమె చప్పట్లు కొట్టేదాకా ఒక్కొక్కటే ఏరుకోవాలి. మిగిలిన ప్రతి గింజకూ ఒక పిల్ల పుట్టినట్టు లెక్కగట్టి, అదే రకం గింజ ఇంకొకటి వేసేది. మళ్ళీ చప్పట్లు. డిగ్రీ చదివే పిల్లలం, వంగి వంగి గింజలు ఏరుతుంటే కాలేజీ జవాను గోడ మీద నుంచి చూసి నవ్వుకున్నాడు. తెల్లవి కంటికి ఇట్టే దొరికిపోయేవి. కాసేపటికి నేల మీద దాదాపు మినుములే మిగిలాయి.

"ఒక్క బబ్బెరన్న నల్లగయిందా?" అని అడిగింది.

"కాలేదు మేడం."

"ఒక్క మినుమన్న దాచుకుందామని అనుకున్నదా?"

"లేదు."

"మరి మంద మొత్తం నల్లగెట్లయింది?"

మొదటి రోజు బంగారమా వెండా అని అడిగినవాడే మెల్లగా అన్నాడు, "తెల్లయి మనం ఏరినం, నల్లయి మిగిలినయి. మిగిలినయాటికే పిల్లలయినయి."

ఆమె ముఖం వెలిగిపోయింది. "బస్. గదే. దాని పేరు మనం మిగులుడు అందాం."

ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ చెప్పుకోవాలనిపిస్తుంది. ఎన్నో తరాలు, లెక్కలేనన్ని జీవులు, ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే ఇంత వింత ప్రపంచం తయారవడం, గుప్పెడు పప్పు గింజల్లో కళ్ళ ముందు జరిగిపోయింది. ఒక్కో దోమ మారలేదు, దోమల మంద మారింది. ఇంత చిన్న తేడా తెలియక మా ప్రాంతమంతా పురుగును నిందిస్తోంది.

మా మడిలో అప్పటికే దోమ పడింది. వరి పొట్ట దశలో ఉంది. బాపు మందు కొట్టాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. ఇంకా ఘాటు మందు తెస్తానంటున్నాడు. మేడం ఆహార శృంఖలం పొలంలోనే చూపించాలంది. ఎవరి పొలం అంటే, నేను ఆలోచించకుండా మాదే అన్నాను. ఇంటికి వచ్చి చెబితే బాపు ఎగాదిగా చూశాడు. తను వద్దన్న మేడం తన పొలానికే వస్తానంటే ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. ఇంటికి వచ్చేవాళ్ళను వద్దనడం మా దగ్గర లేదు. సరే రమ్మన్నాడు.

ఆమె అంతకుముందు ఎప్పుడూ వరి మడిలో దిగలేదట. సల్వారు మోకాళ్ళ దాకా మడిచి, ప్రయోగశాలలోని తెల్ల పళ్ళెం పట్టుకుని దిగింది. రెండో అడుగుకే బురదలో కూరుకుపోయింది. నేనూ ఇంకో అమ్మాయీ చెరో చెయ్యి పట్టి లాగాం. ఒడ్డు మీద నిలబడ్డ బాపు మీసాల్లో నవ్వుకోవడం నేను చూశాను. ఆమె ఒక దుబ్బు పక్కన పళ్ళెం పెట్టి, దుబ్బును అరచేత్తో తట్టింది. పళ్ళెం నిండా గోధుమరంగు దోమలు రాలాయి. వాటి మధ్య ఒక చిన్న సాలీడు పరుగెత్తింది.

"కాకా, జర వచ్చి చూడుండ్రి," అని బాపును పిలిచింది.

ఆయన వచ్చి వంగాడు. మందు కొట్టిన మడిలో తట్టిన చోటల్లా దోమలే, సాలీళ్ళు ఒకటీ అరా. మందు కొట్టే మోటరు పాడై వదిలేసిన చివరి మడిచెక్కలో తడితే, దోమలు తక్కువ, సాలీళ్ళు ఎక్కువ. ఒక సాలీడు మా కళ్ళ ముందే దోమను పట్టుకుని పీల్చింది.

"మందు కొడ్తె ఇది గూడ సస్తదా?" అన్నాడు బాపు.

"సస్తది కాకా. దోమకు పిల్లలు జల్ది అయితయి, దీనికి జల్ది గావు."

"దోమ అలవాటు పడ్డది గద, అందుకే సస్తలేదు," అన్నాడాయన, మా అందరి లాగే.

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆమె మమ్మల్ని అడిగినట్టే ఆయన్నీ అడిగింది. అలవాటు పడింది చచ్చిన దోమా, బతికిన దోమా? బాపు పళ్ళెం చేతిలోకి తీసుకుని దోమలను వేలితో కదిపి చూశాడు. తర్వాత తల ఎత్తాడు.

"అంటె, ఇత్తనానికి మంచి కంకులు ఏరి పెట్టుకున్నట్టు, నేను గట్టి దోమను ఏరి ఇత్తనానికి పెడ్తున్ననా?"

ఎమ్మెస్సీలో తనకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదని మేడం తర్వాత నాతో అంది. ఆ వారం బాపు కొత్త మందు తేలేదు. మడిలో నీళ్ళు తీసేసి ఆరబెట్టాడు. దుబ్బుల మధ్య గాలి ఆడేలా బాటలు తీశాడు. ఒక మూల ఎండిపోయింది, మిగతాది చేతికొచ్చింది. అద్భుతమేమీ జరగలేదు. కాకపోతే అన్నం తినేటప్పుడు కూడా ఆయన సాలీళ్ళ సంగతి మాట్లాడడం మొదలుపెట్టాడు. అమ్మ విసుక్కునేది.

ఇంటర్నల్ పరీక్షలో ప్రకృతి వరణం మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. పేజీలు పేజీలు రాశాం. ఇంత తెలిసి రాసిన పరీక్ష నా జన్మలో లేదు. తీరా పేపర్లు వచ్చాక చూస్తే ఎర్ర సిరా. మాలో చాలామందిమి రాస్తున్న ఉత్సాహంలో పుస్తకం పదం మరిచిపోయి మిగులుడు, మిగులుడు అని రాసుకుంటూ పోయాం. వృక్షశాస్త్రం సారు కనిపించిన చోటల్లా దాని కింద గీత గీసి మార్కులు కోసేశాడు. తరగతిలో సగం మంది కనాకష్టంగా గట్టెక్కాం. ఎవరి దగ్గర నేర్చుకున్నామో ఆమెను మా చేతులతో మేమే సాగనంపుతున్నట్టు అనిపించి, ఆ రోజు బస్సులో ఏడ్చాను.

అన్నట్టుగానే ప్రిన్సిపాల్ తండ్రులను పిలిపించాడు. పేపర్లు బల్ల మీద ఉన్నాయి. మేడం గోడ వారగా నిలబడింది. పిల్లల తరఫున నన్నూ ఇంకో అబ్బాయినీ లోపలికి రానిచ్చారు. వృక్షశాస్త్రం సారు మంచివాడే, ఉన్న మాటే చెప్పాడు. "విషయం రాశారు. కానీ ఇది పదం కాదు. రేపు డిచ్‌పల్లి యూనివర్సిటీలో పేపర్లు దిద్దేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. పిల్లలే నష్టపోతారు."

ప్రిన్సిపాల్ మేడం వైపు చూశాడు. ఆమె తనను తాను కాపాడుకోవడానికి ఏదైనా అంటుందని నేను ఎదురుచూశాను.

"సార్ చెప్పింది సహీ," అంది. "పరీక్షల పుస్తకం పదమే రాయాలె. అది నేను గట్టిగ చెప్పవలసి ఉండె. ముందుగాల సమజ్ కావాలె, తర్వాత పదం రావాలె అనుకున్న. పదం నేర్పేటందుకు నాకు టైం సరిపోలే."

అంతే అంది. నా కళ్ళకు ఆమె అప్పుడు కనిపించినంత ఎత్తుగా ఇంకెవరూ కనిపించలేదు. తండ్రులు ఒకరినొకరు చూసుకున్నారు. మాట్లాడే పని ఎప్పటిలాగే మా బాపు మీద పడింది. ఆయన లేచాడు. పొలంలో విన్నది వేరు, కూతురి మార్కులు వేరు. నా పేపరు బల్ల మీద అందరికంటే పైనే ఉంది.

"సార్, నేను బడికి పోయింది తక్కువ. గా పదం నాకు తెల్వదు, పలుకరాదు," అన్నాడు. "మొన్న మేడం మా మడిల దిగి దోమ సంగతి సెప్పింది. నాకు సమజైంది. నా అసుంటోనికే సమజైనంక, పదం ఎంతసేపు సార్? పదం మా పిల్ల నేర్సుకుంటది. నేర్సుకోకుంటె నన్నడుగుండ్రి."

"అయితే మార్చమంటారా, ఉంచమంటారా?" అన్నాడు ప్రిన్సిపాల్.

బాపు ఆయనకు జవాబు చెప్పలేదు. గోడ దగ్గరికి నడిచాడు. అంతదాకా మేడం అని తప్ప పిలవనివాడు, అందరి ముందూ ఆమెతో అన్నాడు.

"నిన్ను వద్దని ముందుగాల వచ్చింది నేనే బిడ్డా. ఇప్పుడు ఉండుమని అడుగుతున్న. ఉంటవా?"

ఆమె ఏదో చెప్పబోయింది. తెలుగూ రాలేదు, ఉర్దూ రాలేదు. తల మాత్రం ఊపింది. మరునాడు మొదటి పీరియడు మాకు ఆమెదే.